క్వీన్స్‌లాండ్ వెళ్ళాలా, తిరుపతిలోనే ఉండాలా: తేల్చుకోవడానికి ఒక వరుస

మన వైపు నుంచి ఊరు దాటి పోవడం కొత్త కాదు. పీలేరు, రాయచోటి వైపు వాళ్ళు ఎప్పటి నుంచో కువైట్ పోతున్నారు. తిరుపతి పిల్లలు ఇంజినీరింగ్ అయిపోగానే బెంగళూరుకో చెన్నైకో బస్సెక్కుతున్నారు. అయితే కువైట్ పోయే మనిషి తిరిగొస్తాననే పోతాడు. ఆలుబిడ్డలతో ఆస్ట్రేలియా వెళ్ళి స్థిరపడడం వేరే సంగతి. ఆ వీసాకు ఏడాదో రెండేళ్ళో పడుతుంది, దాని ఫలితం రెండు తరాల మీద ఉంటుంది.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కు ‘సన్‌షైన్ స్టేట్’ అని పేరు. రాజధాని బ్రిస్బేన్. మన ఆంధ్రప్రదేశ్‌కు పది రెట్లకు పైగా విస్తీర్ణం ఉన్న రాష్ట్రంలో జనం అరకోటికి కాస్త ఎక్కువ. ఏడాది పొడవునా ఎండ, సముద్రం, చలి దేశాల్లో ఉండే దిగులు లేకపోవడం చూసి మనవాళ్ళు ఈ రాష్ట్రం వైపు మొగ్గుతున్నారు. కన్సల్టెన్సీ బ్రోచర్లలోనూ అదే కనిపిస్తుంది. కానీ తిరుపతిలో పుట్టిన మనిషికి ఎండ కోసం సముద్రాలు దాటాల్సిన పని లేదు. మరి దేనికోసం వెళ్తున్నాం, దానికి ఏం ఇచ్చుకుంటున్నాం? ఈ రెండూ తేలాలి.

చాలామంది వీసాతో మొదలుపెడతారు. ఇంగ్లిష్ పరీక్ష, కన్సల్టెన్సీ ఫీజు, పాయింట్ల లెక్క అన్నీ అయ్యాక, చివర్లో ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి ముందుకొస్తుంది. అప్పటికి లక్షలు ఖర్చయిపోయి ఉంటాయి కాబట్టి మనసు ఒకవైపే లాగుతుంది. నేను చెప్పే వరుసలో పెద్దవాళ్ళే ముందు, వీసా ఆ తర్వాత.

ఒక ఇంటిని ఉదాహరణగా పెట్టుకుందాం. భర్తకు 34 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎనిమిదేళ్ళ అనుభవం. భార్య నర్సు, 31 ఏళ్ళు. నాలుగేళ్ళ పాప. అతని అమ్మానాన్నలు పాకాల దగ్గర మామిడి తోట చూసుకుంటూ ఉన్నారు. నాయనకు 66, అమ్మకు 61. ఒక అక్క, పెళ్ళయి చెన్నైలో ఉంది. మన జిల్లాలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో.

మొదటి మెట్టు: ఇంట్లో అందరి వయసులూ రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని ఇంట్లో ప్రతి ఒక్కరి వయసు రాయండి. పక్కన ఐదేళ్ళ తర్వాత ఎంతవుతుందో, పదేళ్ళ తర్వాత ఎంతవుతుందో రాయండి. చూడడానికి చిన్న పని, కానీ ఇంట్లో వాదనలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

మీ వయసుకు ఎందుకు విలువంటే, ఆస్ట్రేలియా నైపుణ్య వీసాలో ఇప్పటి నిబంధనల ప్రకారం 25 నుంచి 32 ఏళ్ళ వాళ్ళకు 30 పాయింట్లు. 33 నుంచి 39 అయితే 25, 40 నుంచి 44 అయితే 15. 45 నిండితే ఆ దారి మూసుకుపోతుంది. పేరు నమోదు చేసుకున్న రోజు వయసు కాదు, వీసాకు దరఖాస్తు పెట్టుకోమని ఆ ప్రభుత్వం నుంచి ఆహ్వానం వచ్చిన రోజు వయసే లెక్క. ‘పాప స్కూల్లో కుదురుకున్నాక చూద్దాం’ అని వాయిదా వేస్తే ఆ వాయిదాకు పాయింట్లలో ఖరీదు ఉంటుంది.

అదే కాగితం మీద పదేళ్ళ తర్వాత నాయనకు 76, అమ్మకు 71 అని కనిపిస్తుంది. మీరు వెళ్ళడానికి అనువైన ఏళ్ళూ, వాళ్ళకు మీరు దగ్గరుండాల్సిన ఏళ్ళూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. దీన్ని దాటవేసి ముందుకు పోకండి.

రెండో మెట్టు: అమ్మానాన్నల సంగతి ముందు తేల్చండి

‘ముందు మేం వెళ్ళి కుదురుకుంటాం, తర్వాత మిమ్మల్ని పిలిపించుకుంటాం’ అని చెప్పే ముందు, ఆ పిలిపించుకోవడం ఎంతవరకు సాధ్యమో తెలుసుకోండి. తెలియక ఇచ్చిన మాటయినా పెద్దవాళ్ళు దాని మీదే ఆశ పెట్టుకుంటారు.

తల్లిదండ్రులకు అక్కడ శాశ్వత నివాసం దొరికే దారులు రెండు రకాలు. మామూలు పేరెంట్ వీసాకు ఇప్పుడు దరఖాస్తు పెడితే 30 ఏళ్ళు దాటి వేచి ఉండాలని ఆ దేశ హోం అఫైర్స్ శాఖే చెబుతోంది. 66 ఏళ్ళ మనిషికి అది లేనట్టే. రెండోది కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా. ఒక్కొక్కరికి 40,000 డాలర్లకు పైనే కట్టాలి, దానికీ పదేళ్ళు దాటిన వరుస ఉంది. లెక్క కోసం ఆస్ట్రేలియా డాలర్ 60 రూపాయలు అనుకుంటే ఇద్దరికీ అరకోటి దగ్గర పడుతుంది. పైగా ‘బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ’ అనే షరతు ఉంది: వాళ్ళ పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా వేరే ఏ ఒక్క దేశంలో కన్నా అక్కడే ఎక్కువ మంది ఉండాలి. మన ఉదాహరణలో ఒక కొడుకు అక్కడ, ఒక కూతురు ఇక్కడ. సరిగ్గా సగం కాబట్టి సరిపోతుంది. ఇద్దరు అక్కలుంటే సరిపోదు.

మిగిలినవి తాత్కాలికం. 600 నంబరు విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది వరకు ఉండొచ్చు. 870 నంబరు పేరెంట్ వీసా మీద ఒకసారికి మూడేళ్ళో ఐదేళ్ళో, మొత్తం కలిపి పదేళ్ళ వరకు ఉండొచ్చు. వాటి మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ అనే ప్రభుత్వ వైద్యం వర్తించదు, ఇన్సూరెన్స్ తీసుకోవాలి. షుగరు, బీపీ ముందే ఉన్న మనిషి ఇన్సూరెన్స్‌లో ఏది వస్తుంది, ఏది రాదు అన్నది అక్షరం అక్షరం చదవాలి.

ఇటువైపు తూకంలో పెట్టాల్సినవీ ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గర. డాక్టరుతో తెలుగులో చెప్పుకోవచ్చు. పక్కింటి వాళ్ళు ఆటో ఎక్కించి తీసుకెళ్తారు. అక్కడ డ్రైవింగ్ రాని పెద్దమనిషి పగలంతా ఇంట్లోనే కూర్చోవాలి. ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్ళను అడగండి, మనవళ్ళ గురించి మురిసిపోతూ చెబుతారు, ఆ తర్వాత ‘పొద్దుపోదు నాయనా’ అంటారు.

సమయం తేడా మాత్రం మనకు కలిసొస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో గడియారం ముందుకూ వెనక్కూ తిప్పే పద్ధతి లేదు, కాబట్టి ఏడాదంతా మనకన్నా నాలుగున్నర గంటలే ముందు. బ్రిస్బేన్‌లో రాత్రి ఎనిమిదికి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. అమెరికాలో ఉన్న పిల్లల కోసం అర్ధరాత్రి మేలుకునే తల్లిదండ్రులతో పోలిస్తే ఇది ఎంతో సుఖం. ప్రయాణం మాత్రం చిన్నది కాదు. రేణిగుంట నుంచి కాదు, చెన్నై నుంచి సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారి వెళ్ళాలి. అర్ధరాత్రి ఒక ఫోను వస్తే, మర్నాడు కూడా ఇల్లు చేరతామన్న భరోసా లేదు. ఈ మాట ఇంట్లో గట్టిగా అనుకోవడానికి ఎవరికీ నోరు రాదు. అయినా అనుకోవాలి. ఎవరు ముందు వెళ్ళి నిలబడతారు, అక్క ఎంత బాధ్యత తీసుకోగలదు, ఆమె అత్తింటి వాళ్ళ పరిస్థితి ఏమిటి? ఇవన్నీ ఆమెను కూర్చోబెట్టి అడగాలి. కొడుకు విదేశం వెళ్తే భారం చెప్పాపెట్టకుండా కూతురి మీద పడడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అది న్యాయం కాదు.

ఈ మెట్టు దగ్గర ఇంట్లో ఒప్పందం కుదరకపోతే ఆగండి. ఇంకా పైసా ఖర్చు కాలేదు.

మూడో మెట్టు: ఇద్దరిలో ఎవరి పని అక్కడ ఎక్కువ చెల్లుతుంది?

ఎండ ఉన్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఉండవు. ఆస్ట్రేలియాలో ఐటీ ఉద్యోగాలు ఎక్కువగా సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోనే ఉన్నాయి. క్వీన్స్‌లాండ్ బలం గనులు, వైద్యం, నిర్మాణం, పర్యాటకం, వ్యవసాయం. 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లో జరగబోతున్నాయి, దానివల్ల నిర్మాణ రంగానికి పని పెరుగుతోంది. నర్సులు, టీచర్లు, ఎలక్ట్రీషియన్లకు ఉన్న గిరాకీ ఒక మామూలు టెస్టింగ్ ఇంజినీరుకు ఉండదు.

మన ఇళ్ళలో ‘అబ్బాయి అప్లై చేస్తాడు, అమ్మాయి డిపెండెంట్’ అనే అనుకుంటారు. లెక్క వేసి చూడండి. భర్త వయసుకు 25, బీటెక్‌కు 15. అనుభవం ఎనిమిదేళ్ళయినా, అంచనా వేసే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ సాధారణంగా మొదటి రెండేళ్ళు లేదా అంతకన్నా ఎక్కువ తీసేస్తుంది. ఆరేళ్ళు మిగిలితే 10. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10. భార్యకు ఇంగ్లిష్ సరిపడా ఉంటే 5. మొత్తం 65. కనీస అర్హత అదే, కానీ 65 తో సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పిలుపు వస్తుందని ఆశపడకండి. పోటీలో అవసరమయ్యేది అంతకన్నా చాలా ఎక్కువ. ఇంగ్లిష్‌లో అన్నిట్లో 8 తెచ్చుకుంటే 10 కాస్తా 20 అవుతుంది. నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ అనే అనువాద సంభాషణ పరీక్ష తెలుగులో కూడా ఉంది, పాసయితే ఇంకో 5. తెలుగు బాగా వచ్చినవాళ్ళు దీన్ని వదులుకోకూడదు.

అదే భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే? 31 ఏళ్ళు, వయసుకే 30. నర్సుల పట్ల రాష్ట్రాల ఆసక్తి వేరు. కష్టం ఏమిటంటే రిజిస్ట్రేషన్. ఇండియాలో చదివిన నర్సు ఆప్రా అనే సంస్థ ద్వారా అర్హత చూపించుకోవాలి, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే నర్సింగ్ పరీక్ష రాయాలి, ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాస్ కావాలి. డబ్బూ టైమూ పడతాయి. కానీ ఒకసారి రిజిస్ట్రేషన్ చేతికొస్తే ఉద్యోగం వెతుక్కోవడం భర్తకన్నా ఆమెకే తేలిక. ఇద్దరి లెక్కా పక్కపక్కన వేసి, ఎవరిది బలంగా ఉంటే వాళ్ళ పేరు మీద వెళ్ళండి. ఇందులో మగ, ఆడ అనే పట్టింపు పెట్టుకుంటే నష్టపోయేది ఇల్లే.

వీసాల్లో మూడు గుర్తుంచుకోండి. 189 స్వతంత్రం, ఎక్కడైనా ఉండొచ్చు. 190 కి రాష్ట్రం నామినేట్ చేయాలి, 5 పాయింట్లు కలుస్తాయి. 491 కి రాష్ట్రమో అక్కడున్న దగ్గరి బంధువో అండగా నిలవాలి, 15 పాయింట్లు కలుస్తాయి, కానీ అది ఐదేళ్ళ తాత్కాలిక వీసా. ప్రభుత్వం ‘రీజినల్’గా గుర్తించిన ప్రాంతంలో మూడేళ్ళు ఉండి, ఆదాయం చూపించాక 191 అనే శాశ్వత వీసా వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రిస్బేన్ రీజినల్ కాదు. గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్, టూవుంబా, టౌన్స్‌విల్, కెయిర్న్స్ రీజినలే. గోల్డ్ కోస్ట్‌లో ఇల్లు తీసుకుని రోజూ బ్రిస్బేన్ ఆఫీసుకు వెళ్తామంటే 491 షరతు ఒప్పుకోదు. నివాసం, పని రెండూ రీజినల్‌లోనే ఉండాలి. క్వీన్స్‌లాండ్ నామినేషన్ నిబంధనలు ప్రతి జూలైలో కొత్త ఆర్థిక సంవత్సరంతో మారుతుంటాయి, ఏ వృత్తులు తీసుకుంటారో ‘మైగ్రేషన్ క్వీన్స్‌లాండ్’ సైటులో స్వయంగా చూడండి.

కన్సల్టెన్సీ పెట్టుకుంటే, వీసా ఏజెంట్లను నమోదు చేసే ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ ఒమారా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ రిజిస్టరులో వెతికి చూసుకోండి. ‘వీసా గ్యారంటీ’ అనే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. ఆహ్వానం ఇచ్చేది ప్రభుత్వం, ఇంకెవరి చేతిలోనూ ఆ గ్యారంటీ లేదు.

నాలుగో మెట్టు: ఎండను ఎండలా చూడండి

తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. బ్రిస్బేన్‌లో వేసవి అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. పగటి వేడి సగటున 30 డిగ్రీల దగ్గరే, ఉక్కపోత మాత్రం ఉంటుంది. జూలై చలికాలంలో పగలు 22, తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. వేడి లెక్కన మనవాళ్ళకు అది సుఖమైన ఊరు. టూవుంబా అయితే కొండ మీద ఉండడంతో ఇంకా చల్లగా ఉంటుంది. ఉత్తరాన కెయిర్న్స్, టౌన్స్‌విల్ పూర్తిగా ఉష్ణమండలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన, చెమట. ఆ కాలంలో అక్కడి సముద్రంలో విషపు జెల్లీచేపలు తిరుగుతాయి, వల కట్టిన చోట తప్ప దిగకూడదు. నదీ ముఖాల దగ్గర మొసళ్ళు ఉంటాయి. బోర్డు పెట్టారంటే ఊరికే పెట్టలేదని అర్థం.

అక్కడ భయపడాల్సింది వేడికి కాదు, అతినీలలోహిత కిరణాలకు. బ్రిస్బేన్ వేసవిలో ఆ కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచీ 11 దాటడం మామూలు, చలికాలంలో కూడా 3 కు తగ్గదు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే సరిగ్గా అక్కడి వేసవిలో. దానికి గాలి శుభ్రంగా ఉండడం తోడవుతుంది. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమా రేటు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో క్వీన్స్‌లాండ్ ఒకటి. అది ప్రధానంగా తెల్ల చర్మం వాళ్ళ సమస్య, మన చర్మంలోని మెలనిన్ చాలావరకు కాపాడుతుంది. అలాగని పట్టించుకోకుండా ఉండొద్దు. చర్మంలోని మెలనిన్ కళ్ళను కాపాడదు, చల్లద్దాలు షోకు కాదు. పిల్లలు రోజూ ఆరుబయట ఆడతారు, టోపీ లేకపోతే ఆట లేదన్నది అక్కడి స్కూళ్ళ నియమం. ఇంకో విచిత్రం, అంత ఎండలోనూ మనవాళ్ళకు విటమిన్ డి తక్కువ రావడం ఉంది. నల్లటి చర్మానికి ఎక్కువ ఎండ కావాలి, మనమేమో ఇల్లు, కారు, ఆఫీసు తప్ప బయటికి రాము. వెళ్ళిన మొదటి ఏడాదే రక్తపరీక్ష చేయించుకోండి.

ఎండ రాష్ట్రం కదా అని వాన సంగతి మరచిపోతారు. బ్రిస్బేన్ నగరం 2011 జనవరిలో మునిగింది, 2022 ఫిబ్రవరిలో మళ్ళీ మునిగింది. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుపాను ఆ తీరానికే వచ్చింది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన నీళ్ళు, రాయలచెరువు కట్ట గురించి రాత్రంతా పడిన భయం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ స్థలం కొనేముందు ‘అది చెరువు పొరంబోకు కాదు కదా’ అని ఎలా అడుగుతామో, అక్కడ అద్దె ఇంటికైనా వరద చరిత్ర అడగాలి. బ్రిస్బేన్ నగర మండలి ప్రతి చిరునామాకూ వరద నివేదికను ఉచితంగా ఇస్తుంది. రాక్లీ, ఇప్స్‌విచ్ వైపు గూడ్నా లాంటి పేటలు రెండుసార్లూ మునిగాయి. అలాంటి చోట అద్దె తక్కువుంటే ఎందుకు తక్కువో ముందు కనుక్కోండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద కలిసి ఉందో లేదో విడిగా చూడండి.

కుదిరితే ఒకసారి వెళ్ళి చూసి రండి, కానీ జూలైలో వద్దు. జూలైలో క్వీన్స్‌లాండ్ స్వర్గంలా ఉంటుంది, ఎవరికైనా నచ్చుతుంది. ఫిబ్రవరిలో రెండు వారాలు ఉండి, బస్సెక్కి, కూరగాయలు కొని, అద్దె ఇళ్ళు చూసి అప్పుడు మాట్లాడుకోండి.

ఐదో మెట్టు: 60 తో గుణించడం ఆపి, మిగులు చూడండి

లక్ష డాలర్ల జీతం వింటే మనసు వెంటనే అరవై లక్షలు అంటుంది. ఆ లెక్క దేనికీ పనికిరాదు. 2025-26 పన్ను రేట్ల ప్రకారం ఆ లక్షలో ఆదాయపు పన్ను, 2 శాతం మెడికేర్ లెవీ పోను చేతికి వచ్చేది సుమారు 77,000. బ్రిస్బేన్‌లో అద్దె వారానికి లెక్క, మామూలు ఇంటికి 600 డాలర్లు దాటుతోంది. వారానికి 650 అనుకుంటే ఏడాదికి 33,800. అంటే చేతికొచ్చిన దాంట్లో 44 శాతం దాకా అద్దెకే. కిరాణా, కారు, కరెంటు, పాపకు స్కూలు మొదలయ్యేదాకా చైల్డ్‌కేర్ పోను ఒక్క జీతం మీద మిగిలేది కొంచెమే. ఇద్దరూ పని చేస్తేనే ఆ బతుకులో నిలదొక్కుకుంటారు. అందుకే భార్య రిజిస్ట్రేషన్ సంగతి మూడో మెట్టులో అంత గట్టిగా చెప్పాను.

మేలు చేసేవీ లెక్కలో రాయండి. జీతానికి అదనంగా యజమాని 12 శాతం సూపర్ అనే పదవీ విరమణ నిధిలో వేస్తాడు. శాశ్వత నివాసులకు మెడికేర్ ఉంది, పిల్లలకు ప్రభుత్వ బడి ఉచితం, క్వీన్స్‌లాండ్ నివాసులకు అంబులెన్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. 2024 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రంలో సిటీ బస్సు, లోకల్ రైలు, ఫెర్రీలకు టికెట్ 50 సెంట్లే. అద్దె ఇంటికి అడ్వాన్సు నాలుగు వారాల అద్దెకు మించకూడదు, అది కూడా ఇంటి ఓనరు దగ్గర కాకుండా ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకు దీని విలువ తెలుసు.

మీ ఇద్దరి పళ్ళ వైద్యం మెడికేర్‌లో రాదు. ఇక్కడే చేయించుకుని వెళ్ళండి. ఉద్యోగం పోతే ఆదుకునే నిరుద్యోగ భృతి కొత్తగా వచ్చిన శాశ్వత నివాసులకు సాధారణంగా నాలుగేళ్ళ దాకా అందదు. కాబట్టి ఆరు నెలల ఖర్చు, టికెట్లతో సహా, ముట్టుకోని డబ్బుగా ఉండాలి. అది అప్పు తెచ్చిన డబ్బు కాకూడదు. తోట తాకట్టు పెట్టి వెళ్ళడం నాకు సమ్మతం కాదు. మొదటి ఏడాది ఉద్యోగం తడబడితే ఇక్కడ నాయన మీద వడ్డీ పడుతుంది.

వీసా ఫీజు ప్రధాన దరఖాస్తుదారు ఒక్కరికే 4,000 డాలర్లు దాటుతుంది. భార్యకో భర్తకో కనీస ఇంగ్లిష్ రుజువు లేకపోతే దాదాపు ఇంకో 4,900 డాలర్లు కట్టమంటారు. ఇంగ్లిష్ మీడియంలో డిగ్రీ చదివినట్టు కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే ఆ డబ్బు మిగులుతుంది. ముందే వెళ్ళి తెచ్చుకోండి.

ఆరో మెట్టు: ఇక్కడి పొలం, ఇల్లు, కాగితాలు

మన జిల్లా వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇదే. ఎన్ఆర్ఐ అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి మన విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. ఇప్పటికే మీ పేరు మీద ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. తోట పక్కన ఎకరా కొందామనే ఆలోచన ఉంటే ఆ నిర్ణయం వెళ్ళకముందే అవ్వాలి. మామిడి తోట దూరం నుంచి నడిచేది కాదు. తోతాపురి ధర ఫ్యాక్టరీల దగ్గర పడిపోయిన ఏడాది ట్రాక్టర్ల వరుసలో నిలబడేది ఎవరు? కౌలుకిస్తే ఎవరికి, ఎన్నేళ్ళకు? నాయన ఉన్నప్పుడే ఆయన నోటితోనే రాయించుకోండి.

పాసుపుస్తకం, అడంగల్, వన్-బీలో పేర్లు, విస్తీర్ణం సరిచూసుకోండి. తప్పుంటే దిద్దించడానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మనిషి తిరగాలి, బ్రిస్బేన్ నుంచి కుదరదు. పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే ఏ పనికి, ఏ ఆస్తికి అన్నది స్పష్టంగా రాసి ఇక్కడే రిజిస్టర్ చేయించండి. అన్నిటికీ కలిపి ఒకటే జనరల్ పవర్ ఇవ్వడం మంచిది కాదు, సొంతవాళ్ళకైనా సరే. వెళ్ళాక అవసరమైతే బ్రిస్బేన్‌లో భారత కాన్సులేట్ 2024 లో మొదలైంది, అక్కడ అటెస్ట్ చేయించుకోవచ్చు.

బ్యాంకు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఐలకు ఉండే ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్చాలి. పాత పీపీఎఫ్ గడువు వరకు కొనసాగించొచ్చు, కొత్తది తెరవలేరు. శాశ్వత వీసా మీద ఉంటే తిరుపతి ఇంటి అద్దె ఆస్ట్రేలియా పన్ను లెక్కలోనూ చూపించాలి. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కాబట్టి ఇక్కడ కట్టింది అక్కడ తగ్గుతుంది. దీనికి రెండు దేశాల లెక్కలూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఒక గంట ఫీజు ఇవ్వడం మేలు.

కాగితాల్లో మనవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళి సర్టిఫికెట్లో వెనకాముందు. అన్నీ ఒక వరుసలో పెట్టి, తేడాలన్నిటికీ అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. పోలీస్ క్లియరెన్స్ తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే అవుతుంది. వైద్య పరీక్షలు మాత్రం ఆస్ట్రేలియా గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, అంటే చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాలి.

సామాను విషయంలో ఒక మాట. ఆ దేశంలో ఆహారం, విత్తనాలు, చెక్క, పూజసామగ్రి అన్నీ విమానంలో ఇచ్చే కార్డులో రాసి చూపించాలి. పాలతో, నెయ్యితో చేసినవాటి మీద నిబంధనలు కఠినం. శ్రీవారి లడ్డు అయినా సరే, దాచకుండా రాసి అధికారికి చూపించండి. ఆయన పంపిస్తే భాగ్యం, తీసేస్తే వదిలేయాలి. దాచి దొరికితే భారీ జరిమానా, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఏడో మెట్టు: పాప ఏమవుతుంది?

అక్కడి విద్యా సంవత్సరం జనవరి చివర్లో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. జూన్ 30 నాటికి ఐదేళ్ళు నిండిన పిల్లలకు ఆ ఏడాది ‘ప్రెప్’ తరగతి. చిన్నపిల్లలు నెలల్లో కలిసిపోతారు. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని మధ్యలో లాక్కెళ్ళడం మాత్రం బాగా ఆలోచించి చేయాలి. ఇక్కడ ఐఐటీ కోచింగులో ఉన్న పిల్లవాడికి అక్కడి చదువు తేలిగ్గా అనిపించినా స్నేహితులు దొరకడం కష్టం.

తెలుగు సంగతి కూడా తేల్చుకోండి. మెల్‌బోర్న్, సిడ్నీలతో పోలిస్తే క్వీన్స్‌లాండ్‌లో తెలుగువాళ్ళు తక్కువ. గుళ్ళు ఉన్నాయి, బ్రిస్బేన్‌కు దక్షిణాన సౌత్ మెక్లీన్‌లో శ్రీ సెల్వ వినాయకర్ కోవెల చాలామందికి ఆసరా. ఇంట్లో మాత్రం తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడకూడదని మొదటి రోజు నుంచి నియమం పెట్టుకోకపోతే, పదేళ్ళకు పాప తాతతో ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడలేకపోతుంది. ఆ బాధ పడుతున్న తాతలు తిరుపతిలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ పేరా రాశాను.

ఎనిమిదో మెట్టు: తిరిగొచ్చే షరతులు వెళ్ళకముందే రాయండి

ఇప్పుడు అదే తెల్ల కాగితం రెండో వైపు తిప్పండి. ఏం జరిగితే తిరిగి వస్తారో ఇద్దరూ కలిసి రాయండి. నాయనో అమ్మో ఒంటరిగా మిగిలితే? ఏడాదిలోపు ఇద్దరిలో ఒకరికైనా చదివిన చదువుకు తగ్గ పని దొరకకపోతే? భార్యకు అక్కడ ఊపిరాడక పోతే? ఒక్కో దానికి ఎదురుగా ఎన్నాళ్ళు చూస్తారో రాయండి. అక్కడికి వెళ్ళాక ఈ మాటలు కోపంలో వస్తాయి. ఇక్కడైతే నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

తిరిగి రావడానికి చట్టపు లెక్కలు ఇవి. శాశ్వత వీసా వచ్చాక ఐదేళ్ళ పాటు ఎన్నిసార్లయినా రాకపోకలు చేయొచ్చు. ఆ తర్వాత బయటికి వెళ్ళి మళ్ళీ ప్రవేశించాలంటే రెసిడెంట్ రిటర్న్ వీసా కావాలి. గత ఐదేళ్ళలో రెండేళ్ళు అక్కడ ఉండి ఉంటే అది సులభంగా దొరుకుతుంది. అంటే నాయనకు ఒంట్లో బాగాలేక ఏడాది, ఏడాదిన్నర పాకాలలో ఉండాల్సి వచ్చినా, లెక్క చూసుకుని నడిస్తే ఆ హక్కు పోదు. పౌరసత్వానికి చట్టబద్ధంగా నాలుగేళ్ళు ఉండాలి, అందులో చివరి ఏడాది శాశ్వత నివాసిగా ఉండాలి. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అది తీసుకున్న రోజున భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చి ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే హక్కూ ఉండదు.

పౌరసత్వానికి తొందరపడక్కర్లేదు. అమ్మానాన్నలు ఇక్కడ ఉన్నంతకాలం శాశ్వత వీసా మీదే ఉండి, రెసిడెంట్ రిటర్న్ వీసా తేదీలు చూసుకుంటూ నడవడం మన ఉదాహరణలోని ఇంటికి సరిపోతుందని నా అభిప్రాయం. ఆ ఐదేళ్ళ గడువు ఏ రోజున ముగుస్తుందో వీసా మంజూరు లేఖలో ఉంటుంది. దాని ప్రతి ఒకటి అక్క దగ్గర కూడా ఉంచండి.